మంచు లేని గుట్ట మీద మంచు పాఠం

శివరాత్రికి కీసరగుట్ట ఎక్కని కుటుంబం జంటనగరాల్లో అరుదే. కాశీ నుంచి లింగం తేవడానికి వెళ్లిన హనుమంతుడు ముహూర్తానికి రాలేకపోయాడట. ఈలోగా రాముడు ప్రతిష్ఠ కానిచ్చేశాడు. తెచ్చిన 101 లింగాలనూ ఆంజనేయుడు కోపంతో విసిరేశాడు. గుట్టంతా చెల్లాచెదురుగా కనిపించేవి అవేనంటారు. ఆయన్ని బుజ్జగించడానికి పెట్టిన కేసరిగిరి అన్న పేరే జనం నోట్లో నలిగి కీసర అయిందని స్థలపురాణం. ఇక్కడి ఓ బండ మీద విష్ణుకుండినుల కాలంనాటి తెలుగు మాట ఒకటుంది... ‘తొలుచువాండ్రు’. రాళ్లు తొలిచేవాళ్లని అర్థం చెబుతారు.

అంత పాత బండల మీదికి ఈమధ్య బూట్లేసుకుని ఎక్కే కుర్రకారూ వస్తున్నారు. వీళ్లలో చాలామంది కల హిమాలయం. ‘నాన్నా, డిసెంబర్లో కేదార్‌కాంత వెళ్తాం’ అని కొడుకు అనగానే ఇంట్లో వాళ్లకు ముందు గుర్తొచ్చేది స్వెట్టరు! చలి సంగతి సరే, జారిపడే మంచు సంగతో?

అన్ని వాలుల మీదా మంచు జారదు. ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలులోనే హిమపాతాలు పుడతాయి. అంతకన్నా తక్కువైతే సాధారణంగా నిలిచి ఉంటుంది, మరీ నిటారుగా ఉంటే పేరుకోకముందే రాలిపోతుంది. ఆ వాలు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి హిమాలయం దాకా పోనక్కర్లేదు. సెల్‌ఫోన్లో కోణం కొలిచే యాప్ పెట్టుకుని, చేతికర్రను కీసర బండకు ఆనించి, దానిమీద ఫోను ఉంచితే చాలు. 30 డిగ్రీలంటే ఎంతో కంటికి అలవాటవుతుంది. వానాకాలం మాత్రం ఈ సరదా వద్దు, తడిసిన నున్నటి బండ ఎవర్నీ ఉపేక్షించదు.

ఇంకో చిక్కుంది. మంచు పొరలు పొరలుగా పడుతుంది. అడుగున పంచదార పలుకుల్లా పొడిపొడిగా ఉండే పొర మీద గాలి తెచ్చిపోసిన మంచు అట్టులా గట్టిపడితే, పైకి అంతా భద్రంగానే కనిపిస్తుంది. మనిషి బరువు పడగానే అట్టు విరిగి మొత్తం కిందికి జారుతుంది. కాలి కింద ధబ్‌మని చప్పుడు వచ్చినా, అడుగు దగ్గర్నుంచి పగుళ్లు పాకినా వెనక్కి తిరగాల్సిందే. భారీగా మంచు పడ్డాక ఒకటి రెండు రోజులు ప్రమాదం మరీ ఎక్కువ. మనం నడిచేది చదునే కావచ్చు, తలపైన వాలుంటే చాలు ముప్పు వస్తుంది.

ఇదేదో దూరపు ముచ్చట కాదు. కీసర నుంచి తూర్పుకు పోతే వచ్చే భువనగిరి ఏకశిల మీద తాడు పట్టడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అదే సీజన్లో ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు హిమపాతంలో 16 మంది నేపాలీలు చనిపోయారు. పదహారేళ్లు నిండనివారిని నేపాల్ అనుమతించదు. పూర్ణకు అప్పటికి పధ్నాలుగేళ్లు కూడా నిండలేదు. పిల్లలిద్దరూ టిబెట్ వైపు నుంచి వెళ్లారు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో దాదాపు 19,600 అడుగుల ఎత్తున సైనిక శిబిరం మీద మంచు కూలింది. శిబిరంలో ఉన్న పదిమందిలో నాటి కర్నూలు జిల్లా పార్నపల్లె వాసి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆరురోజుల తర్వాత ఒక్క హనుమంతప్ప ఊపిరితో బయటపడ్డాడు. అతనూ 11న ఢిల్లీలో కన్నుమూశాడు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా మీద పోయినవాళ్లలో ఎక్కువమంది పర్వతారోహణ నేర్చుకుంటున్నవాళ్లే!

కూరుకుపోయిన మనిషికి మొదటి పది పదిహేను నిమిషాలే ఆశ. కబురందుకుని ఎవరో వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. పక్కనున్నవాళ్లే తవ్వితీయాలి. అందుకు ప్రతి ఒక్కరి దగ్గరా సంకేతాలిచ్చే యంత్రం, పొడవాటి గుచ్చుడు కడ్డీ, చిన్న పార ఉండాలి. ట్రెక్కింగు సంస్థకు అడ్వాన్సు కట్టేముందు వాటి గురించి అడగండి. దారి ఏ వాలు కింద పోతుందో, చండీగఢ్‌లోని డీఆర్‌డీవో విభాగం డీజీఆర్‌ఈ ఇచ్చే హిమపాత హెచ్చరికల్ని ఎవరు చూస్తారో, వద్దనుకుంటే వెనక్కి తిప్పే అధికారం ఎవరిదో కూడా అడగండి. జవాబు తడబడితే, ఈసారికి పిల్లల్ని కీసరగుట్టకే తీసుకెళ్లండి.