క్షమించామనుకున్నాము

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, వాహనంలో నిద్రిస్తున్న గ్రాహం స్టెయిన్స్ గారినీ, ఇద్దరు కుమారులనూ దుండగులు నిప్పంటించి చంపారు. భార్య గ్లాడిస్ గారు వారిని క్షమించానన్నారు. శిక్ష సంగతి చట్టానికి విడిచి, బరిపదలో కుష్ఠురోగుల సేవ సాగించారు.

మా సంగతి చూడండి. తోటి గుమాస్తా ఒకరు తమ పొరపాటును మా నెత్తిన వేశారు. ప్రతి ఆదివారం ప్రభువు ప్రార్థనలో క్షమించామని చెప్పుకుంటూనే, ఆయన సెలవు అర్జీని నాలుగు రోజులు తొక్కిపట్టాము. అది భార్య జబ్బుకని తరువాత తెలిసింది. తల వాలిపోయింది.

క్షమించాలని ఆయన బల్ల దగ్గరకు వెళ్లినవారం, క్షమాపణ అడిగి వచ్చాము. ఆ సాయంత్రమే ఆయన రిజిస్టరు తెచ్చి, పాత తప్పును తమ చేతితోనే దిద్దారు.