డిఫాల్ట్ అంటే మన తరఫున ఇంకెవరో తీసుకున్న నిర్ణయం

మన ఫీల్డులో అందరం ఫీచర్ల గురించి మాట్లాడుకుంటాం గానీ డిఫాల్టుల గురించి ఎవరూ మాట్లాడరు. నన్నడిగితే ఫీచర్ కన్నా డిఫాల్టే ముఖ్యం. సెట్టింగుల్లోకి వెళ్ళి మార్చుకునే ఓపిక ఎంతమందికి ఉంటుంది చెప్పండి? ఆఫీసులో పక్కవాళ్ళ ప్రజెంటేషన్లో గ్రాఫు చూడండి. ఆ నీలం గీత, ఆ ఫాంటు, అంచుల్లో వదిలిన ఖాళీ.. అన్నీ లైబ్రరీ ఇచ్చినవే.

పైథాన్ వాడేవాళ్ళకి మ్యాట్‌ప్లాట్‌లిబ్ ని పరిచయం చెయ్యక్కర్లేదు. జాన్ హంటర్ అనే న్యూరోబయాలజిస్టు మూర్ఛరోగుల మెదడు సిగ్నల్స్ చూసుకోవడానికి మొదలెట్టి, 2003లో అందరికీ ఇచ్చేశాడు. మ్యాట్‌ల్యాబ్ అలవాటున్నవాళ్ళకి తేలిగ్గా ఉండాలని దాని పద్ధతే పాటించాడు. ఆ వెనకే 'జెట్' అనే రంగుల వరస కూడా వచ్చేసింది. ముదురు నీలం నుంచి ముదురు ఎరుపు దాకా, ఇంద్రధనుస్సులాగ. చూడ్డానికి భలే ఉంటుంది. చిక్కేంటంటే, పసుపు దగ్గరా లేత నీలం దగ్గరా ఎవరో గీత గీసినట్టు కనిపిస్తుంది, డేటాలో అక్కడ ఏమీ లేకపోయినా సరే. ఇది వట్టి అందచందాల గొడవ కాదు. 2011లో హార్వర్డ్ పరిశోధకులు గుండె రక్తనాళాల బొమ్మల మీద పరీక్ష పెట్టి చూస్తే, ఇంద్రధనుస్సు రంగులు తీసేసిన బొమ్మల్లోనే జబ్బున్న చోటుని తక్కువ తప్పులతో పట్టుకోగలిగారు.

హంటర్ 2012లో, 44 ఏళ్ళకే, క్యాన్సర్‌తో పోయాడు. ఆయన వదిలిన డిఫాల్టుల్ని మార్చే పని తర్వాతివాళ్ళ మీద పడింది. నథానియెల్ స్మిత్, స్టెఫాన్ వాన్ డెర్ వాల్ట్ కలిసి 'విరిడిస్' అనే కొత్త వరస తయారుచేశారు. ఊదా నుంచి పసుపు దాకా వెలుతురు ఒకే తీరుగా పెరుగుతుంది. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళకీ అర్థమవుతుంది, బ్లాక్ అండ్ వైట్ ప్రింటులోనూ నిలబడుతుంది. 2017 జనవరిలో 2.0 వెర్షన్‌తో అదే డిఫాల్ట్ అయింది. బూడిదరంగు బ్యాక్‌గ్రౌండ్ పోయి తెలుపు వచ్చింది, ఫాంటు డెజావు శాన్స్ అయింది. పాతదే కావాలన్నవాళ్ళకి 'క్లాసిక్' అని ఒక స్టైల్ ఉంచారు. ఆ ఉంచడంలోనే ఉంది మర్యాదంతా. బగ్ ఫిక్స్ చేస్తే అందరూ సంతోషిస్తారు, డిఫాల్ట్ మారిస్తే మాత్రం ఎక్కడో ఒకరి గ్రాఫు మారిపోయి తిట్టుకుంటారు. తిట్లు పడతాయని తెలిసీ మార్చారు చూడండి, అదీ ఇంజనీరింగ్ అంటే.

ఇక మన సంగతి. ఆ డెజావు శాన్స్‌లో తెలుగు అక్షరాలు లేవు. తెలుగులో లేబుల్ రాస్తే డబ్బాలు వస్తాయి. 3.6 వెర్షన్ (2022) నుంచి, ఒక ఫాంటులో అక్షరం లేకపోతే మనం చెప్పిన ఇంకో ఫాంటులో వెతుకుతుంది. బాగానే ఉంది కదా అనుకుంటాం. కానీ అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. తెలుగులో ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ పెట్టుకుంటూ పోతే కుదరదు. ఒత్తు కిందకి దిగాలి, గుడి కోసం తలకట్టు పక్కకి తప్పుకోవాలి. ఈ పనిని షేపింగ్ అంటారు. బ్రౌజర్లలో హార్ఫ్‌బజ్ లాంటివి చేసేది అదే. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఏళ్ళ తరబడి ఈ షేపింగ్ లేకుండానే నడిచింది.

మా పిన్ని ఎలమంచిలి దగ్గర ఒక బడిలో టీచరు. చుట్టుపక్కల ఊళ్ళు ఎంతెంత దూరమో క్లాసు గోడకి పెట్టడానికి ఒక చార్టు కావాలంది. ఏటికొప్పాక, రాంబిల్లి, అనకాపల్లి అని పేర్లిచ్చి ప్రింట్ తీసి చూపించాను. "ఇదేట్రా నాన్నా, ఒత్తులన్నీ ఊడిపోయి పొల్లులు మిగిలాయి? పిల్లలు ఇలా రాస్తే నేను సున్నా వేస్తాను" అంది. ఒక్క ఒత్తు కూడా లేని 'ఎలమంచిలి' కూడా గుడుల దగ్గర తేడాగానే వచ్చింది. చివరికి ఎస్‌వీజీ ఫైలుగా తీశాను. ఫాంట్‌టైప్ సెట్టింగులో 'నన్' అని పెడితే అక్షరాలు బొమ్మలుగా కాక అక్షరాలుగానే ఫైల్లోకి వెళ్తాయి, షేపింగ్ బ్రౌజరే చూసుకుంటుంది. మీకూ పనికొస్తుందని చెప్తున్నా. కానీ ఇది దొడ్డిదారి. ఏడో తరగతి పిల్లకి పైథాన్ నేర్పిస్తూ మొదటిరోజే ఈ దారి చూపించలేం కదా.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా గోల. కొద్దిరోజుల్లోనే యాపిల్ అప్‌డేట్ ఇచ్చేసింది. మన అక్షరం ఊరందరినీ ఇబ్బంది పెడితే వారంలో ఫిక్స్, మన ఒక్కరినే పెడితే ఏళ్ళు. ఇందులో కుట్రేమీ లేదు. ఆ కోడు రాసేవాళ్ళలో చాలామంది సొంత టైములో రాసేవాళ్ళు. తెరమీద విరిగిన ఒత్తు విరిగిందని వాళ్ళకి తెలియాలంటే తెలుగు చదవడం రావాలి. అది వచ్చినవాళ్ళం మనం. ఇన్ని వేలమందిమి ఈ రంగంలో ఉండి, గ్రాఫు మీద తెలుగులో ఒక్క మాట రాసి చూసినవాళ్ళం ఎంతమందిమి? ఇంగ్లీషు మన చేతివేళ్ళకి డిఫాల్ట్ అయిపోయింది. అదీ మనం ఎంచుకున్నది కాదు, మార్చుకోనిది.

షేపింగ్ కోసం లిబ్రాక్మ్ ని కలిపే పని 2025లో గట్టిగానే నడిచింది. అలాంటి పనికి కావలసింది పరీక్షించేవాళ్ళు. మీ దగ్గరున్న వెర్షన్‌లో మీ ఊరి పేరు టైటిల్‌గా పెట్టి ఒక బొమ్మ గీయండి. సరిగ్గా వస్తే సంతోషం. రాకపోతే అయిదు లైన్ల కోడు, వెర్షన్ నంబరు, వచ్చిన బొమ్మ, రావలసిన బొమ్మ.. ఈ నాలుగూ పెట్టి ఒక బగ్ రాయండి. ఇంతకుముందే ఎవరైనా రాసి ఉంటే దాని కిందే మీ ఊరు కూడా చేర్చండి. పట్టుమని పావుగంట పని. ఏ ఒత్తు ఎక్కడ ఉండాలో చెప్పడానికి సీ ప్లస్ ప్లస్ రానక్కర్లేదు, రెండో తరగతి తెలుగు చాలు :)