దిబ్బ మీద రెండు రాత్రులు

మా ఇంటికి పద్నాలుగేళ్ళుగా చేపలు తెచ్చే అక్క ఒకావిడ ఉంది. మాది రామచంద్రపురం. ఆవిడ యానాంలో మొదటి బస్సెక్కి, అల్యూమినియం గిన్నె నెత్తిన పెట్టుకుని మా వీధిలోకి వచ్చేసరికి ఎనిమిదవుతుంది. ఆవిడ గిన్నె దించడం, నేను మొప్ప ఎత్తి చూడడం, ఆవిడ మూడొందలంటే నేను రెండొందలనడం, "మీతో పెట్టుకుంటే మా కొంప మునిగిపోద్దమ్మా" అంటూ ఆవిడ గిన్నె ఎత్తబోవడం... మా ఇంట్లో సుప్రభాతం తరవాత ఇదే కార్యక్రమం.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు మా బాబు గిన్నెలోకి తొంగి చూస్తూ "ఇవన్నీ ఎక్కడ పడతారు?" అని అడిగాడు. తొమ్మిదో తరగతి. ఫోన్లోంచి తల ఎత్తి ఏదైనా అడగడమే గొప్ప. "మా దిబ్బ కాడికొచ్చెయ్ బాబూ, నువ్వే పట్టుకుందువు గాని" అంది అక్క. మాటవరసకి అందనుకున్నాను. వీడు వదల్లేదు. మా వారు ఇంకా నాలుగాకులు ఎక్కువే చదివారు. ఫిబ్రవరిలో రెండో శనివారం చూసుకుని, శుక్రవారం సెలవు పెట్టి మరీ బయలుదేరదీశారు.

యానాం దాకా బస్సు. అక్కడినుంచి అక్క కొడుకు తన నావలో గౌతమి వెంట కిందకి తీసుకెళ్ళాడు. కొంతదూరం కొబ్బరితోటలు, ఆ తరవాత అటూ ఇటూ మడ అడవి తప్ప ఇంకేం లేదు. ఉత్తరాన కోరింగ వైపు అడవిని 1978లో అభయారణ్యం చేశారు కదా, ఒకసారి వెళ్ళి చెక్క వంతెన మీద నడిచొచ్చాం. వంతెన మీంచి చూడ్డం వేరు, అందులోంచి పోవడం వేరు. ఒక కొమ్మ పట్టుకోబోతే అక్క కొడుకు గట్టిగా అరిచాడు. అది తిల్ల చెట్టట. దాని పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయంటారు. ఆ తరవాత నేను నావలో చేతులు కట్టుకునే కూర్చున్నాను.

నది సముద్రంలో కలిసే చోటుని వాళ్ళు మొగ అంటారు. భైరవపాలెం దాటాక మొగ పక్కన ఇసుక దిబ్బ, దాని మీద తాటాకు పాకలు పన్నెండో పదమూడో. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. తాగే నీళ్ళు ఊరినుంచి క్యాన్లలో రావాలి. రోజూ ఇంటికెళ్ళి వస్తే డీజిలుకే చాలదని సీజన్లో ఇక్కడే ఉంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం గనక ఆ లోపు పాకలు విప్పేస్తారు. అక్క సగం రోజులు ఇక్కడ, సగం రోజులు మా వీధుల్లో.

బాత్రూము సంగతి అడుగుతారని తెలుసు. నాలుగు కర్రలు, చుట్టూ పాత చీర. అంతకంటే అడక్కండి.

మొదటి రోజు పండగలాగే గడిచింది. సరుగుడు పుల్లల పొయ్యి మీద అక్క కొయ్యింగల పులుసు పెట్టింది. చింతపండు, పచ్చిమిర్చి, ఉప్పు, కారం, అంతే. అల్లం వెల్లుల్లి లేదు, మసాలా లేదు. నేను ఇంట్లో పది దినుసులు వేసి చేసే పులుసు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. పాకల ముందు వలల మీద నెత్తళ్ళు ఎండుతున్నాయి. ఆ వాసనకి మొదట ముక్కు మూసుకున్నాను. సాయంత్రానికి వాసనే తెలియలేదు. రాత్రి సముద్రంలో దూరంగా గ్యాసు బావుల దీపాలు కనిపిస్తే మా వాడు అది ఇంకో ఊరనుకున్నాడు.

రెండో రాత్రి మా వారూ బాబూ వేటకి వెళతామన్నారు. నేను వద్దన్నాను. గొడవ పడ్డాను కూడా. "నా కొడుకున్నాడు కదమ్మా" అంది అక్క. ఆ మాటకి ఇంకేం అనలేక, వాడికి స్వెట్టరు తొడిగి, చక్కిలాల డబ్బా చేతికిచ్చి పంపాను. రాత్రి రెండింటికి పాటుతో పాటు వెళ్ళారు. పొద్దున్న ఏడున్నరకి పోటు మీద తిరిగి రావాలి. మొగలో ఇసుక మేట ఉంటుంది, నీళ్ళు తగ్గాక అలలు దాని మీద విరుగుతాయి, అప్పుడు నావ లోపలికి రావడం కష్టం. ఇవన్నీ అక్క ముందురోజే చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

ఆరింటికి లేచి బయటికొస్తే ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. మంచు పట్టేసింది. పక్క పాక కనపడలేదు, సముద్రం కనపడలేదు, చప్పుడు మాత్రం ఉంది. నీళ్ళవైపు పది అడుగులు వేశాను. ఇసుక మీద ట్రాక్టరు టైరు గుర్తుల్లాంటివి. రాత్రి తాబేలు గుడ్లు పెట్టడానికి వచ్చి వెళ్ళిందట. వాటిని చూడాలనే మా వాడు స్కూల్లో కూడా చెప్పుకుని వచ్చాడు. వాడికి చూపించాలి అనుకున్నాను. అనుకోగానే కడుపులో తిప్పింది.

ఏడున్నర అయింది. ఎనిమిదీ అయింది. అక్క ఏమీ మాట్లాడకుండా ఖాళీ నూనె డబ్బా ఒకటి తెచ్చి, కర్రతో కొట్టడం మొదలుపెట్టింది. మూడు దెబ్బలు, ఆపడం, మళ్ళీ మూడు. అవతల పాకల దగ్గర కూడా ఎవరో గిన్నెలు కొడుతున్నారు. వాళ్ళ నావలు రెండు బయటే ఉన్నాయి. కాసేపటికి నేనిలా ఇయ్యమని తీసుకున్నాను. నేను కొట్టడం ఎలా ఉందంటే, ఆపడమే లేదు. గుండె ఎలా కొట్టుకుంటోందో చెయ్యి అలాగే కొడుతోంది. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"మజ్జిలో ఆగాలమ్మా. ఆపకుండా కొడితే ఆళ్ళు అరిసినా మనకి ఇనపడదు."

అలా నేర్పించింది. మూడు కొట్టి, ఊపిరి బిగబట్టి వినడం. మళ్ళీ మూడు.

ఆ మధ్యలో ఎప్పుడో చెప్పింది. 1996 నవంబరు 6. దీపావళికి నాలుగు రోజుల ముందు. ఆ తుపాను మా అందరికీ గుర్తే. నేను అప్పుడు ఇంటర్, మా నాన్నగారి కొబ్బరితోటలో నిలబడ్డ చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. మా ఇంట్లో తుపానంటే ఇప్పటికీ కొబ్బరిచెట్ల కథే. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు మాత్రం మనుషులే పోయారు, వందల్లో. రొయ్యపిల్ల పట్టడానికి ఇలాంటి దిబ్బల మీదే పాకలు వేసుకుని ఉన్నవాళ్ళు. చెరువుల వాళ్ళకి ఆ రోజుల్లో రొయ్యపిల్ల ఎంత తెచ్చినా చాలేది కాదు. అక్క భర్త, మరిది ఇద్దరూ దిబ్బ మీద ఉన్నారు. ఆవిడ పది నెలల పిల్లాడితో ఊళ్ళో ఉంది.

"అప్పుడు డబ్బా కొట్టలేదా అక్కా?" అన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలీదు.

"ఆ గాల్లో డబ్బా ఎవరికి ఇనపడుద్దమ్మా" అంది.

మనిషి దొరకలేదు. ఏడాది దాకా బొట్టు తియ్యలేదట. ఆ పది నెలల పిల్లాడే ఇప్పుడు మా వాళ్ళని తీసుకెళ్ళినవాడు. పద్నాలుగేళ్ళు ఆవిడ మొప్పలు ఎత్తి చూశాను గాని, ఈ సంగతి నాకు తెలియదు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

"మరి కొడుకుని మళ్ళీ ఎలా పంపావు?" అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. డబ్బా కొట్టాను.

పదింపావుకి ముందు ఆవిడకే వినపడింది. నన్ను ఆగమని చెయ్యి ఎత్తింది. నాకు మాత్రం అలల హోరే. తరవాత ఇంజను టపటప, ఆ తరవాత "ఓ..." అని ఒక కేక. అక్క లేచి ఇంకా గట్టిగా కొట్టింది. పది నిమిషాలకి మంచులోంచి నావ ముక్కు కనపడింది, దాని మీద మా వాడి పచ్చ స్వెట్టరు. మేట అవతలే లంగరు వేసుకుని, మంచు కాస్త పలచబడేదాకా ఆగి, చప్పుడు పట్టుకుని వచ్చారట. మా వారు మొహం తెల్లగా ఉన్నా నవ్వుతున్నారు. నేను ఆయన్ని నాలుగు తిట్టాను. పిల్లాడు "అమ్మా, ఆకలి" అన్నాడు. చక్కిలాలన్నీ అయిపోయాయి.

అక్క కొడుకు వల దించుతూ "మజ్జిలో ఎవరే ఆ కొట్టుడు? మా అమ్మది కాదనుకుని ఇంకో దిబ్బేమోనని ఆపేశాను" అన్నాడు. నేను డబ్బా వెనక్కి పెట్టాను. అక్క ఏమీ అనలేదు. కొడుకు భుజం మీద తడి గుడ్డ తీసి పొడిది వేసింది, అంతే. అప్పుడు చూశాను, ఆవిడ అరచెయ్యి బొబ్బ కట్టి ఉంది.

తాబేలు గుర్తులు అప్పటికే పోటుకి చెరిగిపోయాయి. మా వాడు వారం రోజులు సణిగాడు.

మొన్న మంగళవారం అక్క వచ్చింది. గిన్నెలో పండుగొప్ప. నాలుగొందలంది. అలవాటు ఎక్కడికి పోతుంది, మూడొందలన్నాను. ఆవిడ నావైపు చూసి నవ్వి, "డబ్బా కొట్టడం తెలీదుగాని బేరం మాత్రం బాగా తెలుసమ్మా నీకు" అని మూడొందల ఎనభైకి కోసిచ్చింది.