మైళ్ళూ, ముహూర్తాలూ

మా మేనకోడలి పెళ్ళి 2025 జూన్ మొదటి వారంలో పెట్టారు. ఉగాది వెళ్ళిన వారానికి తెనాలి నుంచి అక్క ఫోన్ చేసింది. "పంతులుగారు ఇంక కదలనంటున్నార్రా. ఆ వారం దాటితే మూఢం, మూఢం వెళ్ళేసరికి ఆషాఢం. బుట్ట పట్టాల్సిన మేనమామవి, పిల్లల్నీ, మరదల్నీ తీసుకుని వచ్చెయ్. నీకు విమానం వాళ్ళు ఊరికే ఇస్తారుగా!" శ్రావణం దాకా ఆగమని అనటానికి నేనెవర్ని? ఆగినా లాభం లేదు, మా చాండ్లర్‌లో బడులు జూలై నెలాఖరుకే తెరిచేస్తారు.

విమానం వాళ్ళు ఊరికే ఇస్తారని అక్క అన్నది నా మైళ్ళ గురించి. పద్ధెనిమిదేళ్ళుగా సోమవారం తెల్లవారుజామున ఫీనిక్స్ విమానాశ్రయం, గురువారం రాత్రి మళ్ళీ అదే విమానాశ్రయం. పిల్లల పుట్టినరోజులు కొన్ని హోటల్ గదుల్లోంచి ఫోన్‌లో చేశాను. ఆ రోజులన్నీ మైళ్ళుగా మారి ఒక ఖాతాలో కూర్చున్నాయి. మా ఆవిడ దాన్ని "మీ ప్రావిడెంట్ ఫండ్" అంటుంది.

మామూలు రోజుల్లో అయితే నలుగురం ఇండియా వెళ్ళి రావటానికి సరిపోయే మైళ్ళే అవి. జూన్ తేదీలు కొట్టి చూస్తే, సరిగ్గా ఒక్కరికి సరిపోయాయి. నాలుగు రాత్రులు కూచుని లాస్ ఏంజెలెస్ మీదుగా, డల్లాస్ మీదుగా, షికాగో మీదుగా వెతికాను. ఇంకో కంపెనీ విమానంలో తక్కువ మైళ్ళకే రెండు సీట్లు కనిపించాయి గానీ, దారిలో పందొమ్మిది గంటలు కూచోబెట్టి, పెళ్ళయిన మర్నాడు దింపుతుందిట. ఫోన్‌లో ఒకావిడ పాపం చాలా ఓపిగ్గా వెతికి, "సెప్టెంబరులో అయితే నాలుగు సీట్లూ ఉన్నాయి" అంది. సెప్టెంబరులో మహాలయ పక్షాలు. తద్దినాల రోజుల్లో పెళ్ళి చెయ్యరని ఆవిడకి ఇంగ్లీషులో చెప్పటం నావల్ల కాలేదు.

ఇందులో మాయేం లేదు. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ళ పథకం మొదలుపెట్టింది. ఎలాగూ ఖాళీగా పోయే సీటు పాత ఖాతాదారుకిస్తే కంపెనీకి పోయేదేమీ లేదు. ఏ సీటు ఖాళీగా పోతుందో ముందే లెక్కగట్టే ప్రోగ్రాములున్నాయి. అలాంటి ప్రోగ్రాముల మీదే బతికేవాణ్ణి, వాటి మీద నాకు కోపమెందుకు? 1988లో ఆ కంపెనీయే రద్దీ రోజుల్లో మైళ్ళు చెల్లవని, సీట్లకి పరిమితి ఉందని, అప్పటికే కూడబెట్టుకున్న మైళ్ళకి కూడా వర్తించేలా నిబంధన పెడితే, ఇలినాయ్‌లో కోర్టుకెక్కారు. అది వోలెన్స్ కేసుగా సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1978 నాటి విమాన చట్టం అడ్డొస్తుంది కాబట్టి రాష్ట్రపు మోసాల చట్టం కింద దావా చెల్లదు, కానీ ఇచ్చిన మాట తప్పారని ఒప్పందం కింద అడగొచ్చు అని 1995లో తీర్పొచ్చింది. సరే, ఒప్పందం తీసి చదివితే, నిబంధనలు మార్చుకునే హక్కు తమదేనని అందులోనే రాసి ఉంటుంది!

ఇప్పుడు చెల్లవు అనటం కూడా తగ్గింది. ఎక్కడికి ఎన్ని మైళ్ళో చెప్పే పట్టికల్ని డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో తీసేశాయి. లేదని చెప్పరు, ఒక అంకె చెప్తారు.

నన్ను తొలిచేది వేరే సంగతి. వాళ్ళు సీట్లు పదకొండు నెలల ముందు తెరుస్తారు. మనకి ముహూర్తం రెండు నెలల ముందు తేలితే గొప్ప. నాన్న పోయినప్పుడు నాకు దొరికింది రెండు గంటలు. మైళ్ళు దాచుకునేది సరిగ్గా ఇలాంటి రోజుల కోసమేనని అనుకుంటాం. అవి చెల్లేది మాత్రం మనకి పనిలేని రోజుల్లో.

మిగతా మూడూ కొందామంటే తలకి రెండు వేల డాలర్ల పైమాట. పెద్దవాడు కాలేజీలో చేరే సంవత్సరం. ఒక్కణ్ణే వెళ్ళాను. మేనకోడల్ని బుట్టలో కూచోబెట్టి, మా పిన్ని కొడుకుతో కలిసి మండపం దాకా మోసుకొచ్చాను. పిల్లలేరని అక్క ఆ జనంలో అడగలేదు. అప్పగింతలయ్యాక మాత్రం అందరికీ కొన్న బట్టలు నా పెట్టెలో సర్దింది. మా అమ్మాయికి పట్టు పరికిణీ. రెండేళ్ళ కిందటి కొలతలు.

చాండ్లర్ వచ్చాక ఖాతా తెరిచి చూశాను. మైళ్ళతో కొన్న టికెట్ మీద ఎంత దూరం ఎగిరినా మైళ్ళు రావు. పరికిణీ మూడంగుళాలు పొట్టి అయింది. అక్క లోపల మడత పెట్టించిందిట, విప్పితే సరిపోతుందంటోంది మా ఆవిడ.