సజ్జ మీది క్యాసెట్

హుజూరాబాద్‌లో ఏ పాత ఇంటి సజ్జ దులిపినా ఒక ఆడియో క్యాసెట్ దొరకడం వింతేమీ కాదు. గోధుమరంగు టేపు కాస్త బయటికి వేలాడుతుంటుంది. రంధ్రంలో పెన్సిల్ దూర్చి మెల్లగా తిప్పితే మళ్లీ లోపలికి చుట్టుకుంటుంది. అట్లా తిప్పే వేళ్లకు ఎన్నటిదో బడి గుర్తుకొస్తుంది.

ఫిలిప్స్ ఈ క్యాసెట్‌ను 1963లో తెచ్చింది. పాఠం చెప్పిన గొంతు చెప్పినచోటే ఆరిపోకుండా, జేబులో పట్టేంత డబ్బీలో ఒదిగింది.

బొమ్మ కూడా బడికి వచ్చింది. 1975 ఆగస్టు 1న మొదలైన 'సైట్' అనే టీవీ బోధన ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు ఏడాదిపాటు కార్యక్రమాలు అందించింది. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. ఆకాశం నుంచి పాఠం దిగిరావడం ఎంత అపురూపం!

2020 సెప్టెంబర్ 1న, కరోనాతో బళ్లు మూతబడి ఉండగా, దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ చానెళ్లలో తెలంగాణ సర్కారు బడిపిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకున్న ఏ పాపో అర్థంకాని లెక్క దగ్గర అలవాటుగా చెయ్యెత్తి ఉంటుంది. తరగతిలోనైతే ఆ మొహం చూసి సార్ ఆగేవాడు. తెర మీద లెక్క ముందుకు సాగిపోయింది.

పెన్సిల్ ఇంకో చుట్టు తిరుగుతుంది. టేపు బిగుసుకుంటుంది.