ఎనిమిది వైర్లు

రాత్రి పదింటికి లైట్లన్నీ ఆర్పేసి, డాలస్‌లో మా ఇంటి ముందు ట్రక్కు బానెట్ ఎత్తి నిలబడ్డా. 1994 పికప్, 5.7 లీటర్ల వీ8. ఇంజన్ నడుస్తోంది.

చిటచిట... ప్లగ్ వైర్ల మీద నీలం మిణుగురులు!
వాన పడితే ట్రక్కు ఎందుకు దగ్గుతోందో అప్పుడర్థమైంది.

కొత్త వైర్లకి షాపుకెళ్తే, ఎర్రటి లావు సెట్ మీదికి మనసు పోయింది. ఆ లావంతా పై తొడుగే, బలమేం పెరగదు. ఉత్త రాగి తీగదైతే రేడియోలో గరగర. చివరికి కార్బన్ కోర్‌ది, మామూలు నల్లదే తెచ్చా.

ఒకటి పీకి ఒకటి పెడుతూ పోయా. అన్నీ ఒకేసారి పీకితే, ప్లగ్‌లు వెలిగే 1-8-4-3-6-5-7-2 వరస గుర్తుండాలి. నాకు పెళ్లిరోజే గుర్తుండదు.

పాతవి పారేయబుద్ధి కాలేదు. గ్యారేజీలో మేకుకి వేలాడదీశా.
మా ఆవిడ ఆ మేకు వైపే చూస్తోంది.

మీ ఇంట్లోనూ ఉందా, ఇలాంటి మేకు?