రెండు ఫ్రిస్కోలు, ఒక బొలీవియా

టెక్సస్‌లోని ఫ్రిస్కో పుట్టిందే ఎత్తు పనికిరాదనుకోవడం వల్ల. పాత ఊళ్లు ప్రెస్టన్ గట్టు మీద, పశువుల మందలను తోలుకెళ్లిన షానీ బాట వెంబడి ఉండేవి. ఆవిరి రైళ్లు వచ్చాక ఇంజిన్లకు దారి పొడవునా నీళ్లు కావలసి వచ్చాయి. గట్టు మీద నీళ్లు లేవు. రైలు కంపెనీ నాలుగు మైళ్లు పడమరకు జరిగి పల్లంలో నీటి ఏర్పాటు చేసుకుంది, జనం వచ్చి దాని చుట్టూ చేరారు. ఊరికి ముందు ఎమర్సన్ అని పేరు పెట్టుకుంటే, దాదాపు అలాంటి పేరుతోనే ఇంకో ఊరుందని తపాలా శాఖ ఒప్పుకోలేదు. దాంతో సెయింట్ లూయిస్–శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేకి జనం పెట్టుకున్న ముద్దుపేరే ఊరి పేరైంది.

1990 జనాభా లెక్కల్లో ఈ ఊళ్లో ఉన్నది ఆరు వేల పైచిలుకు మంది. 2020కి రెండు లక్షలు దాటారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు ఆసియా మూలాల వాళ్లు. అందులో తెలుగువాళ్లు ఎంతమందో, పండగ పూట కార్యసిద్ధి హనుమాన్ ఆలయం దగ్గర కారు పెట్టడానికి చోటు వెతుక్కున్న వాళ్లకు లెక్కలు చూపించనక్కర్లేదు. ఊరంతా బల్లపరుపు నేల. ఎత్తు సముద్రమట్టానికి ఎనిమిది వందల అడుగుల లోపే. ఇక్కడ మెట్లెక్కడమంటే ఇంట్లో పై అంతస్తుకు వెళ్లడమే.

ఇలాంటి ఊళ్లో ఇప్పుడు సెలవుల మాట వస్తే కాన్‌కూన్, హవాయి, అలాస్కా అయిపోయిన ఇళ్లలో తర్వాతి పేర్లు మచు పిచ్చు, ఊయుని. ఈ ఆశలో సినిమాకూ కొంత వాటా ఉంది. 2010లో వచ్చిన ‘రోబో’లో కిలిమంజారో పేరుతో సాగే పాటను ఆఫ్రికాలో కాదు, పెరూలోని మచు పిచ్చులో తీశారు. 2016 నాటి ‘సరైనోడు’లో అల్లు అర్జున్, రకుల్ ప్రీత్ సింగ్‌ల ‘తెలుసా తెలుసా’ పాటకు బొలీవియాలోని ఊయుని ఉప్పు మైదానం వేదికైంది. కింద తెలుపు, పైన నీలం, మధ్యలో ఇద్దరు. తెరమీద చూసినవాళ్లకు కనపడనిది ఒక్కటే: ఆ నేల పన్నెండు వేల అడుగుల ఎత్తున ఉంది.

బొలీవియాకు సముద్రం లేదు. ఉన్న తీరాన్ని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో చిలీతో యుద్ధంలో పోగొట్టుకుంది. దేశంలో సగానికి పైగా తూర్పున పల్లపు నేల, అమెజాన్ అడవి. కానీ ప్రయాణికులు వెతుక్కుంటూ వచ్చేది పడమటి పీఠభూమి కోసం. అక్కడి ఊళ్ల ఎత్తులు ఒకసారి చదువుకుంటే ప్రయాణం సగం ఖరారైనట్టే. సాంతా క్రూస్ 1,400 అడుగుల లోపు. కోచబంబ 8,400. సూక్రే 9,200. ఊయుని, లా పాజ్ రెండూ 12,000 దగ్గర. టిటికాకా సరస్సు 12,500. వెండి గనుల పోటోసీ 13,400. లా పాజ్ విమానాశ్రయం లా పాజ్‌లో లేదు, పైన ఎల్ ఆల్టో పీఠభూమి మీద 13,325 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలచన కాబట్టి విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. అందుకే అక్కడి రన్‌వే నాలుగు కిలోమీటర్ల పొడవు.

చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే. టికెట్ల వెబ్‌సైటు ధరలనూ గంటలనూ వరుసపెట్టి చూపిస్తుంది, అడుగులను చూపించదు. డాలస్ డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయంలో సాయంత్రం విమానమెక్కి, మయామీలోనో లీమాలోనో మారి, మర్నాడు ఎల్ ఆల్టోలో దిగేవాళ్లు ఒక్క రాత్రిలో పన్నెండున్నర వేల అడుగులు ఎక్కినట్టు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ ఇంటి దగ్గర అందేదానిలో అరవై శాతం చిల్లర. సూట్‌కేసు ఎత్తేసరికి ఆయాసం వస్తుంది, రాత్రికి తలనొప్పి, వికారం, పట్టని నిద్ర. అక్కడివాళ్లు దీన్ని సొరోచే అంటారు. రోజూ జిమ్‌కు వెళతాం, మారథాన్ పరుగెత్తాం అనేవాళ్లకు మినహాయింపేమీ లేదు. 2009 ఏప్రిల్ 1న లా పాజ్‌లో మెస్సీ ఆడిన, మారడోనా శిక్షణ ఇచ్చిన అర్జెంటీనా జట్టు బొలీవియా చేతిలో 6–1తో ఓడిపోయింది. ఆ పదకొండు మందికీ ఫిట్‌నెస్ తక్కువై కాదు.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రయాణికులకు చెప్పేది క్లుప్తంగా ఇదీ. పల్లం నుంచి ఒకే రోజులో తొమ్మిది వేల అడుగులు దాటి పడుకోవద్దు. దాటాక, పడుకునే చోటు రోజుకు 1,600 అడుగులకు మించి పెంచొద్దు. మొదటి రెండు రోజులు మద్యం ముట్టొద్దు, ఒళ్లు అలవకూడదు. ఇంకో సలహా కూడా ఉంది, ఫ్రిస్కో వాసులకు అదే అన్నిటికన్నా పనికొచ్చేది: ప్రయాణానికి ముందు నెల రోజుల్లోపు, తొమ్మిది వేల అడుగులు దాటిన చోట రెండు రాత్రులో అంతకన్నా ఎక్కువో గడిపి వస్తే ఒళ్లు కొంత అలవాటు పడుతుంది. ప్రయాణానికి ఎంత దగ్గరగా అయితే అంత మంచిది.

అలాంటి చోటు కొలరాడోలో ఉంది. దాని పేరూ ఫ్రిస్కోనే.

డెన్వర్‌కు పడమర ఐ-70 మీద గంటన్నర ప్రయాణం. పదకొండు వేల అడుగుల ఎత్తున ఐసెన్‌హవర్ సొరంగం దాటి కిందికి దిగితే డిల్లన్ జలాశయం ఒడ్డున ఈ రెండో ఫ్రిస్కో కనిపిస్తుంది. ఎత్తు 9,097 అడుగులు, జనం మూడు వేల లోపు. టెక్సస్ ఫ్రిస్కో నుంచి కారులో అయితే అమరిల్లో మీదుగా పదమూడు గంటలు పట్టొచ్చు, విమానమైతే పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చేరొచ్చు. వారాంతానికి ఒక సోమవారం కలుపుకుంటే ఇంట్లో ఎవరికి ఎత్తు పడదో, ఎవరికి రాత్రి నిద్ర పట్టదో తెలిసిపోతుంది. ఈ సంగతి ఆసుపత్రి దగ్గరున్న దేశంలోనే తెలియడం మేలు. ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లాలనుకునే ఇళ్లలో ఈ పరీక్ష తప్పనిసరి. గుండె జబ్బు, బీపీ, ఊపిరితిత్తుల బాధ ఉన్నవాళ్లు దానికన్నా ముందు డాక్టరును కలవాలి. ఎత్తు బాధ రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర కావాలా వద్దా చెప్పాల్సింది కూడా డాక్టరే. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. అది వేసుకున్నాక వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, సోడాలు చప్పగా తోస్తాయి. కంగారు పడాల్సింది లేదు.

ఒంటి సంగతి తేలాక కాగితాల సంగతి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు మొదట చూసుకోవలసింది పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు. స్టాంపు గడువు తీరినా ఐ-94 ఉంటే తిరిగి రావచ్చన్న వెసులుబాటు కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లొచ్చే వాళ్లకు. దక్షిణ అమెరికాకు అది వర్తించదు. కాన్‌కూన్‌కు వెళ్లొచ్చాం కదా అనే ధీమాతో లా పాజ్‌కు బయల్దేరితే తిరుగు విమానమే ఎక్కనివ్వరు. ఆరు నెలలకు తగ్గని గడువున్న అమెరికా వీసాగానీ గ్రీన్‌కార్డుగానీ ఉన్న భారతీయులను పెరూ 2017 నుంచి విడిగా వీసా అడగడం లేదు. బొలీవియా నిబంధనలు భారత పాస్‌పోర్టుకు ఒకలా, అమెరికా పాస్‌పోర్టుకు ఒకలా ఉంటూ వచ్చాయి, మారుతూనూ ఉంటాయి. ఒకే ఇంట్లో రెండు రంగుల పాస్‌పోర్టులుంటే రెంటికీ విడివిడిగా కాన్సులేట్‌లో కనుక్కున్నాకే టికెట్ కొనాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది స్కూలు క్యాలెండర్ చెబుతుంది. పిల్లల వేసవి సెలవులంటే బొలీవియాలో చలికాలం: ఆకాశం తేటగా ఉంటుంది, ఊయునిలో రాత్రి సున్నా డిగ్రీల కన్నా బాగా కిందికి పడిపోతుంది. వానలు డిసెంబరు నుంచి మార్చి దాకా. ఉప్పు మీద పలచగా నీరు నిలిచి ఆకాశమంతా కాళ్ల కింద కనిపించే ఆ అద్దం కావాలంటే జనవరి–మార్చి నెలలు అనుకూలం, అంటే స్ప్రింగ్ బ్రేక్. కానీ అది ఒక్క వారమే. క్రిస్మస్ సెలవులు రెండు వారాలు, అయితే అప్పటికి అద్దం తయారవుతుందన్న హామీ లేదు. రెంటిలో రోజులు ఎక్కువున్నదే నయం. అద్దం కోసం ఎత్తు ఎక్కే వేగం పెంచడం తెలివైన పని కాదు.

దారి ఎటు? మయామీ నుంచి సాంతా క్రూస్‌లో దిగి ఒక రాత్రి పడుకోవడం, అక్కడి నుంచి చిన్న విమానంలో సూక్రే చేరి మూడు రాత్రులు ఉండడం అనువైన మొదలు. సీడీసీ గీసిన తొమ్మిది వేల అడుగుల గీతకు సూక్రే కాస్త పైన ఉంటుంది. మరీ జాగ్రత్తపరులు మధ్యలో కోచబంబలో ఆగొచ్చు. సూక్రే నుంచి ఊయునికి ఎక్కే 2,800 అడుగులు కూడా సీడీసీ చెప్పినదానికన్నా ఎక్కువే. కొలరాడో రాత్రులు, డాక్టరు మాత్ర అక్కరకొచ్చేది అక్కడే.

సూక్రేను ఎత్తుకు విరుగుడుగా మాత్రమే చూస్తే అన్యాయం. లా పాజ్‌లో ప్రభుత్వం నడుస్తుంది గానీ రాజ్యాంగం ప్రకారం రాజధాని సూక్రేనే. 1825 ఆగస్టు 6న బొలీవియా స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది ఇక్కడే. పాత ఊరంతా సున్నం కొట్టిన తెల్ల గోడలు, ఎర్ర పెంకులు. ఊరి చివర కాల్ ఓర్కో అనే సిమెంటు క్వారీలో నిలువు గోడలాంటి రాతి మీద వేలాది డైనోసార్ అడుగుజాడలున్నాయి. ఒకప్పటి సరస్సు ఒడ్డు బురద భూమి కదలికలకు అలా నిటారుగా లేచింది. పిల్లలకు బొలీవియా నచ్చేది మొదట ఇక్కడే.

సూక్రే నుంచి ఊయునికి వెళ్లే రోడ్డు మీద పోటోసీ దాటుతున్నప్పుడు కిటికీలోంచి కనిపించే శంఖాకారపు కొండ సెర్రో రికో. 1545లో అందులో వెండి బయటపడింది, స్పెయిన్ రాజ్యాన్ని తరాల పాటు పోషించింది, ఆ కొండలో గని కూలీలు లెక్కకందనంత మంది చచ్చిపోయారు. ఇప్పటికీ అక్కడ తవ్వుతూనే ఉన్నారు. మొదటి ప్రయాణంలో ఇక్కడ రాత్రి ఉండకపోవడమే మంచిది.

ఊయుని ఉప్పు మైదానం పదివేల చదరపు కిలోమీటర్ల పైమాటే, పాత గుంటూరు జిల్లా కన్నా కాస్త చిన్నది. మన నౌపడలో, చినగంజాంలో సముద్రపు నీళ్లను మడుల్లోకి పెట్టి ఎండగడతారు. ఇక్కడ సముద్రం లేకుండానే, వేల ఏళ్ల కిందటి సరస్సులు ఎండి ఉప్పు మిగిలింది. దాని అడుగున ఉన్న ఉప్పునీటిలోని లిథియం మీద ఇప్పుడు ప్రపంచం కన్ను. వానలు లేని కాలంలో నేల షట్కోణాలుగా పగిలి, అంచులు వేలు మందాన పైకి లేచి ఉంటాయి. ఎండ కింది నుంచి కూడా కొడుతుంది కాబట్టి గడ్డం కింద, ముక్కు అడుగున క్రీము రాసుకోనివాళ్లకు మర్నాడు అక్కడ చర్మం ఊడుతుంది. మైదానం అంచున కొల్చానీ అనే పల్లెలో ఉప్పు ఆరబెట్టి, మరపట్టి, అయోడిన్ కలిపి చిన్న ప్లాస్టిక్ సంచుల్లో నింపుతారు. సంచి మూతిని ఒక్కొక్కటే గ్యాసు మంటకు చూపించి అతికిస్తారు.

లా పాజ్ చివరికి మిగలాలి. హైదరాబాదులో గుట్ట ఎక్కేకొద్దీ, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ అంటూ స్థలం ధర పెరుగుతుంది. ఈ ఊళ్లో దిగేకొద్దీ పెరుగుతుంది. ఉన్నవాళ్లు గాలి చిక్కగా, చలి తక్కువగా ఉండే దక్షిణపు లోయలో ఉంటారు, ఐమారా శ్రామిక జనం పైన ఎల్ ఆల్టోలో. ఈ రెంటినీ కలుపుతూ 2014లో మొదలైన కేబుల్ కార్లు ఇవాళ పది లైన్లు. పర్యాటకుల సరదా కోసం కాదు, ఆఫీసులకూ బళ్లకూ వెళ్లే సిటీ బస్సులకు బదులుగా. గుండ్రటి టోపీ, కుచ్చుల పావడాతో పక్క సీట్లో కూర్చున్న ఆవిడ కూరగాయల మూటతో మార్కెట్‌కు దిగుతుంటుంది.

శాకాహారులు భయపడక్కర్లేదు. కినోవా సూపు, ఎన్నో రంగుల బంగాళాదుంపలు, మొక్కజొన్న పొత్తులు, జున్ను దొరుకుతాయి. ‘యాహ్వా’ అనే పచ్చడిని ప్రతి పూటా అడగండి. లొకోతో మిరపకాయలను, టొమాటోలను, కీర్కీన్యా ఆకును బల్లపరుపు రాతి మీద వేసి, అర్ధచంద్రాకారపు బండను రెండు చేతులతో అటూ ఇటూ ఊపుతూ నూరతారు. అద్దె ఇంట్లో వండుకునేవాళ్లు కుక్కర్ వెంట తీసుకెళ్లాలి: లా పాజ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. కోకా ఆకుల టీ హోటల్లో ఉచితంగా ఇస్తారు, అక్కడ అది చట్టబద్ధం. కానీ ఒక్క కప్పు తాగినా తర్వాత కొన్ని రోజులు డ్రగ్ పరీక్షలో కొకెయిన్ పాజిటివ్ రావొచ్చు. కొత్త ఉద్యోగంలో చేరబోయేవాళ్లు వద్దనాలి. టీ పొట్లాలను అమెరికాకు తెచ్చుకోవడం నేరం.

బొలీవియాలో నిరసన అంటే రోడ్డుకు రాళ్లు అడ్డం పెట్టడం. ఏ వారం ఏ దారి మూస్తారో చెప్పలేం కాబట్టి చివర్లో ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి. అన్నీ కలిపితే పది పన్నెండు రోజులు తేలుతుంది. థాంక్స్ గివింగ్ వారంలో బొలీవియాను ఇరికించాలనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోవాలి.

సాంతా క్రూస్ చుట్టుపక్కల ఎల్లో ఫీవర్ ఉంటుంది, టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. అరవై దాటినవాళ్లు డాక్టరును అడిగాకే. ఈ టీకా కార్డును ఇంటికి రాగానే పడేయకండి. బొలీవియా నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్ల దగ్గర అది లేకపోతే, శంషాబాద్‌లోనైనా ఢిల్లీలోనైనా, ఆరోగ్య అధికారులు ఆ గడువు తీరేదాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.